అలికినకొద్దీ మునిగిన రాయి

అనగనగా ఒక అడవిలో, వాన ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదలని కొండవాలులో, ఒక చెక్క ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో ఒక ముంగిసల కుటుంబం కాపురం ఉండేది. ముంగిసలు బొరియల్లో కదా ఉంటాయి, వాటికి చెక్క ఇల్లేమిటి అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. మిగతా ముంగిసలన్నీ బొరియల్లోనే ఉండేవి. కానీ ఈ ఇంటి ముత్తాత మహా పంతం గలవాడు. ఒక వానాకాలం బొరియలోకి నీళ్ళు దూరి, పెళ్ళాం పిల్లలతో సహా తడిసి ముద్దయ్యాక, "ఇక నేల కింద ఉండే ప్రసక్తే లేదు" అని ఒట్టు పెట్టుకున్నాడు. ఎండిన మద్ది మానులు ఏరి తెచ్చి ఇల్లు కట్టాడు. ముందు రెండు స్తంభాలు, వెనక రెండు స్తంభాలు, వాటి మీద విశాలమైన అటక, ఆ పైన రెల్లుగడ్డి కప్పు.

ఆ అటకంటే అడవిలో తల్లులందరికీ ప్రాణం. ముసురు పట్టిందంటే చాలు, కుందేలు బొరియ నిండిపోయేది. ఏదుపంది గుహలో నీళ్ళు కారేవి. అప్పుడు తల్లులు తమ పసివాళ్ళను నోట కరుచుకుని పరుగున వచ్చి, ఆ అటక మీద పడుకోబెట్టి, తిండి వెతుక్కోవడానికి వెళ్ళేవారు. ముంగిస ఇంట్లో కుందేలు పిల్లలా అని కళ్ళు పెద్దవి చేయకండి. ముసురులో ఎవరూ ఎవరినీ వేటాడకూడదని ఆ కొండకొక కట్టుబాటు ఉంది. ముసురు వెలిశాక సంగతి వేరనుకోండి.

ఇంటికి పెద్ద కాటుకమ్మ. ఆమె కోడలు పొన్నారి. కాటుకమ్మ కొడుకు గండయ్య పొద్దున్నే వేటకు పోయి సాయంత్రానికి వచ్చేవాడు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాటే నిజమనేవాడు. ఆ విధంగా ఇంట్లో గొడవల్లేకుండా నెట్టుకొస్తున్నాడు.

పొన్నారికి ఒక గుణం ఉంది. ఏది చూసినా "ఎందుకు?" అనకుండా ఉండలేదు. మంచు పొద్దున్నే ఎందుకు పడుతుంది? పాము నాలుక ఎందుకు చీలింది? అత్తయ్య కోపంలో ఉన్నప్పుడు తోక ఎందుకు లావవుతుంది? ఈ చివరి ప్రశ్న మాత్రం మనసులోనే అడుక్కునేది.

ఏటా తొలకరికి ముందు ఆ అడవిలో ఒక పండుగ వచ్చేది. ఆ పండుగకు ప్రతి ఇల్లూ ముస్తాబవ్వాలి. ముంగిసల ఇంటి ముస్తాబు మరీ పేరు పడింది. కాటుకమ్మ అడవిదున్న పేడ, ఎర్రమన్ను కలిపి మెదిపి, స్తంభాల మొదళ్ళ చుట్టూ నున్నగా అలికేది. ఆ పైన జేగురు రంగు పూసి, గుల్ల సున్నంతో చారలు దిద్దేది. ఆమె అలికితే ఎక్కడా వేలి గుర్తు కనబడేది కాదు. చూడ్డానికి నక్కలు కూడా వచ్చేవి. ఏదుపంది ఇల్లాలైతే ముక్కున వేలేసుకుని, "ఆ చేతిలో ఏముందో గాని!" అనేది. ఈ అలకడం కాటుకమ్మకు వాళ్ళ అత్త నేర్పింది. ఆవిడకు వాళ్ళ అత్త. ఇప్పుడు పొన్నారి వంతు వచ్చింది.

"మొదలు బాగా ఒత్తి అలకాలే పొన్నారీ. పాత పొర మీద కొత్త పొర పడాలి. ఏ ఏటి పొర ఆ ఏటిది. అదీ ఇంటికి కళ," అంది కాటుకమ్మ.

"అలాగే అత్తయ్యా," అంది పొన్నారి. ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసుకుని, ముందు ఎడమ స్తంభం దగ్గర కూర్చుంది. నిరుడు ఎలా దిద్దారో చూద్దామని దగ్గరికి వంగింది.

వంగితే నిరుటి రంగు చెక్క మీద ఉబ్బి కనిపించింది. కాలిన చోట చర్మం పొక్కినట్టు, చిన్న చిన్న పొక్కులు. పొన్నారి ఒక పొక్కును గోటితో గిల్లింది. లోపలి నుంచి ఒక నీటి చుక్క జారింది.

మండుటెండలో చెక్కలోంచి నీళ్ళేమిటి? పొన్నారికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ పొక్కు ఉన్న చోటే గోరు మెల్లిగా నొక్కింది. గోరు లోపలికి దిగిపోయింది. మగ్గిన సీతాఫలంలో దిగినట్టు దిగింది. మద్ది చెక్క అది! పళ్ళతో కొరికినా తెగనిది.

"అత్తయ్యా, స్తంభం మెత్తగా ఉంది."

"వానకు కాస్త నానుంటుంది. పైన గట్టిగా రంగు పట్టించు, సర్దుకుంటుంది," అని కాటుకమ్మ పేడ మెదపడంలో పడిపోయింది.

పొన్నారికి ఆ జవాబు సరిపోలేదు. చెక్క ఎందుకు నానింది? ముందు స్తంభమే ఎందుకు? కింద ఎక్కువ మెత్తగా, పైకి పోయేకొద్దీ గట్టిగా ఎందుకుంది? ఆ రోజు పిల్లలకు పాలిస్తున్నా అవే ప్రశ్నలు, నీళ్ళకు పోతున్నా అవే ప్రశ్నలు.

మర్నాడు అత్త కునుకు తీస్తుండగా పొన్నారి స్తంభం దగ్గరికి వెళ్ళింది. దాని మొదట్లో ఒక కప్ప కూర్చుని ఉంది.

"కప్పా, ఒక మాట అడగనా?" అంది పొన్నారి.

కప్ప ఒక గెంతు వెనక్కి వేసింది. "ముందు నువ్వు భోంచేశావా లేదా చెప్పు. అప్పుడు అడుగు."

"కడుపు నిండా తిన్నాను. ఒట్టు. ఇంత ఎండలో నువ్వు చెరువు వదిలేసి మా స్తంభం దగ్గరెందుకున్నావు?"

"ఎందుకంటే ఇక్కడ చల్లగా ఉంటుంది తల్లీ. చెరువు గట్టున మట్టి పగిలిపోయింది. మీ ఇంటి మొదట్లో మట్టి మాత్రం ఎప్పుడూ తేమే. పేడ కలిపి మందంగా అలుకుతారు చూడు, అది వాననీళ్ళు తాగి దాచుకుంటుంది. నాకు వేసవంతా ఇదే పుట్టిల్లు." కప్ప కడుపు నేలకు ఆనించి సుఖంగా కళ్ళు మూసుకుంది. మూసుకున్నట్టే మూసుకుని ఒక కంటితో ముంగిసను చూస్తూనే ఉంది.

పొన్నారి ఆలోచనలో పడింది. మట్టి నీళ్ళు దాచుకుంటే, ఆ మట్టిలో కూర్చున్న చెక్క ఏం చేస్తుంది? అదీ తాగుతుంది. సరే, తడిసిన చెక్క ఎండలో ఆరాలి కదా? మళ్ళీ తడవడం, మళ్ళీ ఆరడం. మరి ఇది ఎందుకు ఆరలేదు?

అప్పుడే పైన టకటకమని చప్పుడైంది. వడ్రంగిపిట్ట చూరు మీద వాలి ఉంది.

"పిట్టా, పిట్టా, నువ్వు మా ఇంటిని పొడుస్తావెందుకు?"

"పురుగుంటే పొడుస్తాను. లేకపోతే నాకేం పని, ముక్కు నొప్పి తప్ప?" అంది వడ్రంగిపిట్ట విసురుగా. "ఎన్నిసార్లు వచ్చాను? వచ్చిన ప్రతిసారీ మీ అత్త పేడముద్ద విసురుతుంది. ఒకసారి నా ముఖానే తగిలింది. అందుకే మీ ఇల్లంటే నాకు ఒళ్ళు మంట."

"తప్పయింది, నేను చెప్తున్నాను. ఈరోజు ఎవరూ విసరరు. కాస్త కొట్టి వినిపించవూ?"

వడ్రంగిపిట్ట వెనక స్తంభం నడుమ మీద కొట్టింది. టంగు టంగుమని మోగింది. దాని మొదలు మీద కొట్టింది. చప్పుడు కాస్త మూగబోయింది. తర్వాత ముందు స్తంభాల మొదళ్ళు కొట్టింది. బొదుకు బొదుకుమంది. గుమ్మడికాయ కుళ్ళిందో లేదో చూసేటప్పుడు వచ్చే చప్పుడు.

"విన్నావుగా? వెనకవాటికి జబ్బు ఇప్పుడే పట్టింది. వాటికి మీరు మన్నే అలికారు గాని రంగు వేయలేదు, వాటికి ఎండా గాలీ తగులుతున్నాయి. ముందువాటికి ఒకదాని మీద ఒకటి రంగు పట్టించారు. లోపలి తేమ బయటికి రావడానికి దారేది? రంగు నీటిని లోపలికి రానివ్వదనుకుంటారు మీరు. లోపలున్న నీటిని బయటికీ పోనివ్వదు," అని వడ్రంగిపిట్ట ఎగిరిపోయింది.

అయినా పొన్నారి ప్రశ్న ఆగలేదు. చెక్క నానితే మెత్తబడుతుంది, సరే. కానీ గుమ్మడికాయలా గుల్లబారడమేమిటి? లోపలిది ఎవరో తింటే తప్ప?

రెండు కాళ్ళతో గబగబా ముందు స్తంభం మొదలు దగ్గర మట్టి గీకింది. ఎర్రమన్ను పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఒక పొర, దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. పొరల మధ్య సన్నని మట్టి గొట్టం కనిపించింది. దాన్ని చిదిపితే లోపల తెల్లని చెదపురుగులు వరసకట్టి నడుస్తున్నాయి. వెలుతురు పడగానే అన్నీ కంగారుగా చెల్లాచెదురయ్యాయి. ఒక ముసలి చెదపురుగు మాత్రం కదల్లేదు.

"ఎవరమ్మా కప్పు తీసింది? వెలుతురు మాకు పడదు. దయచేసి మూసెయ్యి తల్లీ," అంది అది ఎంతో మర్యాదగా.

"మూస్తాను గాని, ముందు ఇది చెప్పు. మా ఇంట్లోకి ఎలా వచ్చారు మీరు?"

"మీరే కదా పిలిచారు?"

"మేమా పిలిచింది?" అంది పొన్నారి.

"అవునమ్మా," అంది ముసలి చెదపురుగు. "మా అమ్మమ్మల కాలంలో ఈ చెక్క కింద పెద్ద రాయి ఉండేదట. ఎండకు సలసలా కాలే బోడిరాయి. మా వాళ్ళు దాన్ని ఎక్కలేక కిందే ఆగిపోయేవాళ్ళట. లోకం అక్కడితో అయిపోయిందనుకునేవాళ్ళు. తర్వాత మీ ఇంట్లో ఎవరో పుణ్యాత్మురాలు రాయి చుట్టూ కాస్త మన్ను అలికింది. మరో ఏడు ఇంకాస్త. ఏటా ఒక మెట్టు వేసి పెట్టారు తల్లీ మీరు. పోయిన ఏడాదికి ముందే మేము రాయి దాటి చెక్క చేరాం. మీ చేతుల్ని తలచుకోని రోజు లేదు మాకు."

దాని మాటలో ఎక్కడా వెటకారం లేదు. అందుకే పొన్నారికి మరీ తల కొట్టేసినట్లయింది. మిగిలిన మన్నంతా తవ్వింది. చాలా లోతున గోళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. ముత్తాత పెట్టిన రాయి! మన్నంటకుండా చెక్కను ఎత్తి పట్టుకోవాలని పెట్టిన రాయి. అలికినకొద్దీ, అలికినకొద్దీ, పాపం, నిండా మునిగిపోయింది.

సాయంత్రం గండయ్య వచ్చేసరికి పొన్నారి అంతా చెప్పింది. "ఏమండీ, స్తంభాల చుట్టూ మన్ను రాయి కనబడేదాకా తవ్వేయాలి. మెత్తబడిన చెక్క గీకేసి, ఎండలో బాగా ఆరనివ్వాలి. ఆరాక వేపగింజల నూనె పట్టించాలి. ముందు స్తంభాలు గీకాక నిలవవేమో అనిపిస్తే కొత్తవి నిలబెట్టాలి. ముసురు రాకముందే చేయాలి."

"నిజమే, చేయాల్సిందే," అన్నాడు గండయ్య.

కాటుకమ్మ తోక లావైంది. "పండుగ పెట్టుకుని ఇంటి మొదలు తవ్వుతావుటే? చుట్టాలు వచ్చేసరికి గుంటలు, బోడి చెక్కలు, వేపనూనె కంపూ చూపిస్తావా? మా అత్త అలికింది. నేను అలికాను. ఇన్నేళ్ళూ కూలని ఇల్లు నువ్వొచ్చాక కూలుతుందా?"

"అదీ నిజమే," అన్నాడు గండయ్య.

"చెక్క మెత్తగా ఉందత్తయ్యా. మీరే ఒకసారి నొక్కి చూడండి."

కాటుకమ్మ చూడలేదు. చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుందని భయమేమో. ముఖం తిప్పుకుని, గొంతు తగ్గించి, "నాకు వచ్చిన విద్య ఇదొక్కటే పొన్నారీ. నలుగురూ నా ఇంటికి వచ్చేది ఇది చూడ్డానికే. ఈ ఒక్క పండుగా కానీయవే," అంది.

పొన్నారికి ఆ మాటకు జాలేసింది. జాలి ఒక్కటే అయితే బాగుండేది. ఇంకోటి కూడా ఉంది, దాచకుండా చెప్పేస్తాను. ఆ ఏడు చారల మధ్య చేపపిల్లల బొమ్మలు దిద్దాలని పొన్నారి ఎప్పటి నుంచో అనుకుంటోంది. ఏదుపంది ఇల్లాలు వచ్చి "ఆ చేతిలో ఏముందో" అని తననీ అనాలని కోరిక. స్తంభం తవ్వేస్తే బొమ్మలెక్కడ?

అటూ ఇటూ ఆలోచించి పొన్నారి ఒక దారి తీసింది. "సరే అత్తయ్యా. వెనక స్తంభాలు ఎవరికీ కనబడవు, వాటిని ఇప్పుడే బాగుచేస్తాను. ముందువి పండుగయ్యాక చేద్దాం."

"బంగారు కోడలు!" అంది కాటుకమ్మ.

"ఇది మరీ నిజం," అన్నాడు గండయ్య.

వెనక పని మొదలైంది. ఆ పని పొన్నారికి ఎంత నచ్చిందో చెప్పలేను. మన్నంతా లాగి పారేస్తే రెండు రాళ్ళూ వెలుగు చూశాయి. స్తంభాల పాదాలను గట్టి చెక్క వచ్చేదాకా పంటితో, గోటితో గీకింది. అదృష్టం, పాడైంది పైపైనే. తర్వాత ఎండకు వదిలేసింది. ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? రోజూ ముక్కు ఆనించి వాసన చూసేది. పచ్చి వాసన పోయి పొడి వాసన వచ్చేదాకా నూనె ముట్టలేదు.

నూనె పూసేటప్పుడు ఒక వింత కనిపెట్టింది. స్తంభం పక్కల పూస్తే చెక్క కాస్తంత పీల్చుకుని చాలంది. అడుగున, మాను కోసిన చోట, రాయికీ చెక్కకూ మధ్య సందులో పూస్తే మాత్రం గుటకలు వేసి తాగింది. పోసినకొద్దీ తాగింది. "ఓహో, నూనె ఇటు నుంచి తాగితే నీళ్ళూ ఇటు నుంచే తాగుతుందన్నమాట!" అని పొన్నారి ఒక్కతే గెంతులేసింది. అక్కడ తనివితీరా నూనె పట్టించింది. చివరికి చెక్క మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు చుక్కలుగా నిలిచి, దొర్లి కింద పడ్డాయి. ఒక్క చుక్కా లోపలికి పోలేదు.

ఇక ముందు స్తంభాలు. తవ్విన చోట మళ్ళీ మన్ను పోసి, కాటుకమ్మ కొత్త పొర అలికింది. లోపల చెదపురుగులు మళ్ళీ చీకట్లో హాయిగా సర్దుకున్నాయి. పొన్నారి మెత్తటి చోట్ల జేగురు మందంగా దట్టించి, పైన మెరుపు కోసం లక్క పూసింది. బొమ్మలు దిద్దుతూ రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ గోరు చెక్కకు తగలకుండా జాగ్రత్తపడింది.

పండుగ వచ్చింది. చుట్టాలు వచ్చారు. ఏదుపంది ఇల్లాలు చేపపిల్లల్ని చూసి, "అత్తను మించిన కోడలమ్మా!" అంది. పొన్నారి ముఖం వెలిగిపోయింది. చెంగమ్మ అనే కుందేలు అప్పుడే పుట్టిన కూనలతో వచ్చి, "ఈ ఇల్లుంది కాబట్టి మాకు వానంటే బెంగలేదు," అంది. ఆ మాట వినగానే పొన్నారి ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. "పండుగ వెళ్ళిన మర్నాడే తవ్వేస్తాను," అని మనసులో గట్టిగా అనుకుంది.

కానీ వాన పండుగ అయ్యేదాకా ఆగింది గాని, మర్నాటి దాకా ఆగలేదు. చుట్టాలు విస్తళ్ళు తీస్తుండగానే కొండ మీద మబ్బు కమ్మింది. తొలకరి జల్లు అనుకుంటే అదే ముసురైంది. తవ్వడానికి మన్ను బురదైపోయింది. ఆరబెట్టడానికి ఎండ లేదు. తల్లులు కూనల్ని కరుచుకుని పరుగున వచ్చేశారు. అటక నిండిపోయింది. కుందేలు కూనలు, ఏదుపంది పిల్లలు, ఉడత పిల్లలు, వాటి మధ్య పొన్నారి పిల్లలు.

ఒక్క మాట చెప్పాల్సింది పొన్నారి. "మా ముందు స్తంభాలు పుచ్చాయి" అని. నోటి దాకా వచ్చింది. తల్లులంతా బొమ్మలు చూసి మెచ్చుకుంటూ లోపలికి వస్తుంటే ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

ముసురు వదల్లేదు. ఒక మధ్యాహ్నం తల్లులందరూ తిండికి వెళ్ళారు. కాటుకమ్మ అటక ముందువైపు పిల్లల నడుమ కూర్చుని కథ చెబుతోంది. పొన్నారి కింద గిన్నెలు తోముతోంది. ఎక్కడో సన్నగా కిర్రుమంది. పొన్నారి చేయి ఆగిపోయింది. లేచి ముందుకు వెళ్ళి చూస్తే, ఎడమ స్తంభం మీద చేపపిల్లలు అడ్డంగా నలిగి ఉన్నాయి. లక్క పగిలి, లోపలి నుంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి. స్తంభం పైనున్న అటక బరువుకు కుంగుతోంది.

కేక వేస్తే పిల్లలు బెదిరి ముందుకే పరిగెడతారు. పొన్నారి ఒక్క ఉదుటున అటక ఎక్కి, మామూలు గొంతుతోనే, "పిల్లలూ, వెనక కిటికీలోంచి ఒక వింత కనిపిస్తోంది. నీటి చుక్కలు చెక్క మీద గోలీల్లా దొర్లుతున్నాయి. ఎందుకో ఎవరు చెబుతారు?" అంది.

పిల్లలకు అంతకంటే ఏం కావాలి? అంతా ఒకరినొకరు తోసుకుంటూ వెనక్కి పరిగెత్తారు. కాటుకమ్మ కోడలి ముఖం చూసింది. ఇంకేం అడగలేదు. లేచి తనూ రెండడుగులు వేసింది. అంతలో చూస్తే, ముందు మూలన చెంగమ్మ కూన ఒకటి ముడుచుకుని నిద్రపోతోంది.

"అత్తయ్యా, వద్దు!" అంది పొన్నారి.

కాటుకమ్మ వినలేదు. వెనక్కి తిరిగి ఒక్క దూకు దూకి కూనను మెడ దగ్గర కరుచుకుంది. అప్పుడే ఎడమ స్తంభం విరిగింది. దాని వెంటే కుడిది. అటక ముందు సగం, కప్పుతో సహా, పెళపెళమంటూ కిందికి కూలింది. కాటుకమ్మ ఇవతలికి దూకగలిగింది గాని, ఆమె తోక దూలం కింద పడి నలిగింది. సగం తోక అక్కడే ఉండిపోయింది.

వెనక సగం కదల్లేదు. వెనక రెండు స్తంభాలు రాళ్ళ మీద నిలబడి, పిల్లలందరినీ మోస్తూ ఉన్నాయి.

తల్లులు పరుగు పరుగున వచ్చారు. చెంగమ్మ కూనను ఒళ్ళంతా తడిమి చూసుకుని బావురుమంది. కాటుకమ్మ తోకకు ఆకుపసరు కట్టించుకుంటూ, "తప్పంతా నాది. కోడలు చెప్పింది, నేను వినలేదు," అంది.

"కాదు," అంది పొన్నారి. ఏడుస్తూ తల్లులందరి ముందూ చెప్పింది. "అత్తయ్యకు తెలియదు. నాకు తెలుసు. మెత్తటి చెక్కలో గోరు దింపి చూసిన దాన్ని నేను. తెలిసీ దాని మీద రంగు పూశాను. మీరు మెచ్చుకుంటారని పూశాను. మీరు పిల్లల్ని తెచ్చినప్పుడైనా చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే పొన్నారికి కాస్త తేలికగా ఉండేది. తల్లులు తమ కూనల్ని కరుచుకుని, వానలోనే, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గుట్ట మీద తడి బండల సందుల్లో పిల్లల్ని గుండెలకు హత్తుకుని ఆ ముసురంతా గడిపారు. సగం ఇంట్లో ఖాళీ అటకను చూస్తూ అత్తాకోడళ్ళు గడిపారు.

ముసురు వెలిశాక కొత్త మద్ది మానులు వచ్చాయి. గండయ్య ఈసారి ఎవరూ అడగకుండానే లాక్కొచ్చాడు. పొన్నారి వాటిని ఎండబెట్టింది. కోసిన కొనలకు ముందుగా నూనె తాగించింది. కాటుకమ్మ తన చేత్తోనే రాళ్ళ చుట్టూ మన్నంతా తోడి దూరంగా పోసింది. మరుసటి పండుగకు ఆమె అలికింది, నున్నగానే అలికింది, కానీ రాయికి జానెడు దూరంలో చేయి ఆపింది. రంగు పొన్నారి వేసింది, చెక్కంతా గోటితో నొక్కి చూసి, పొడిగా ఉందని నమ్మకం కుదిరాక.

మళ్ళీ ముసురు పట్టింది. అత్తాకోడళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురుచూశారు. చాలాసేపటి దాకా ఎవరూ రాలేదు. చివరికి వానలో తడుస్తూ చెంగమ్మ వచ్చింది. నోట కొత్త కూన ఉంది. కూనను కాళ్ళ మధ్య పెట్టుకుని గడప బయటే ఆగింది.

"పొన్నారీ, ముందు స్తంభం చూపించు. తర్వాత నా బిడ్డనిస్తాను," అంది.

పొన్నారికి కోపం రాలేదు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. చెంగమ్మ వంగి రాయి చుట్టూ తిరిగింది. స్తంభం అడుగున గోరు గట్టిగా నొక్కింది. గోరు దిగలేదు. ఇంకోచోట నొక్కింది. రెండో స్తంభం దగ్గరికీ వెళ్ళి నొక్కింది. అప్పుడు కూనను ఎత్తి పొన్నారి చేతుల్లో పెట్టింది. ఆ చిన్న వెచ్చని బరువు చేతిలో పడేసరికి పొన్నారికి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

వెనకాలే చెట్ల చాటు నుంచి మిగతా తల్లులు కదిలారు.

నీతి: పుచ్చు పట్టిందని తెలిసినప్పుడు దాని మీద రంగు పూయకూడదు, వాన రాకముందే గీకి, ఆరబెట్టి, బాగుచేయాలి.